జాజికాయల దీవిలో బయట తినాలంటే

మన చాళ్లలో పిల్లలు ఇప్పుడు మిల్లుకు పోవడం లేదు. మిల్లులే లేవు, ఎక్కడికి పోతారు? ఓడల మీద వంటకు, పెద్ద హోటళ్లలో క్లీనింగుకు, లాండ్రీకి పోతున్నారు. దుబాయి, మస్కట్ మనకు పాత మాటలే. ఈ మధ్య కరీబియన్ అనే మాట కూడా మన గల్లీలో వినబడుతున్నది. అటు పోయిన పిల్లల తల్లులు నన్ను అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. "అక్కడ ఏం తింటరు వదినా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని మన పత్రికలో రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సంపాదకులు దిద్దుతారు.

నేను చూసింది గ్రెనేడా అనే దీవి. దక్షిణ అమెరికాకు పైన, సముద్రంలో చిన్న చుక్క. ఈ కొస నుంచి ఆ కొసకు 34 కిలోమీటర్లు ఉంటుంది. మన చర్చిగేట్ నుంచి బోరివలి ఎంతో అంతే. జనం లక్ష పైచిలుకు. నడుమ అంతా పచ్చని కొండలు, చుట్టూ నీళ్లు. వాళ్ల జెండా మీద జాజికాయ బొమ్మ ఉంటుంది, ఎందుకంటే ఆ దీవి బతికింది జాజికాయ, జాపత్రి మీదనే. 2004లో వచ్చిన ఐవాన్ తుఫాను జాజి చెట్లను కూల్చేసింది. ఆ చెట్టు పెరిగి కాయ ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. ఆ దెబ్బ గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మా చిన్నల్లుడు ముందు ఓడలో వంటవాడు. తర్వాత గ్రెనేడాలో సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో పని దొరికింది. మా చిన్నమ్మాయి కానుపుకని నేను నవంబరులో పోయి ఫిబ్రవరి దాకా ఉన్నాను. పోయిన మూడో రోజే బిడ్డను చెకప్‌కు తీసుకుపోయినం. రక్తం తక్కువున్నదని చెప్పారు. ఆకుకూరలు, చేపలు, పప్పు బాగా తినమన్నది నర్సు. ఇంటికి వచ్చి అలమర తెరిచి చూశాను. రొట్టె ప్యాకెట్, టీ పొడి, చక్కెర, రెండు డబ్బాల పాలపొడి. అల్లుడికి డ్యూటీలో భోజనం హోటల్ వాళ్లే పెడతారు. ఇది ఒక్కతే ఇంట్లో టీలో రొట్టె ముంచుకుని తింటున్నది. కళ్యాణ్‌లో కొన్న గది మీద బ్యాంకు కిస్తీ ఉన్నది. అక్కడ దుకాణంలో సరుకు చాలావరకు ఓడలో దిగినదే. కందిపప్పు ప్యాకెట్ ధర చూసి నేనే తిరిగి షెల్ఫులో పెట్టాను.

"ఒక్కదానికి ఏం వండుకుంట అమ్మా" అన్నది బిడ్డ.

నేనున్న మూడు నెలలు నేను వండుతాను. నేను వచ్చేశాక? ఒడిలో పసిపిల్లతో అది మళ్లీ రొట్టె ప్యాకెట్ దగ్గరికే పోతుంది. నాకు పట్టుకున్న రంది అదే. అందుకే ఆ ఊర్లో ఎక్కడ ఏం దొరుకుతుందో, ఎంతకు దొరుకుతుందో, నా కాళ్లతో నేను తిరిగి చూశాను. డాక్టరు కూడా బిడ్డను నడవమన్నది కదా, అదొక సాకు.

మా అత్త లోయర్ పరేల్‌లో ఖానావళి నడిపింది. పన్నెండు మంది మిల్లు మగవాళ్లు మా పది అడుగుల గదిలో వంతులవారీగా కూర్చుని తినిపోయేవాళ్లు. పగారు రోజున ముందు ఖానావళి బాకీ కట్టి తర్వాతనే ఊరికి మనీయార్డరు చేసేవాళ్లు. అట్లాంటి ఆడవాళ్లు ముంబైలో వేల మంది. 1975లో ప్రేమా పురవ్ వాళ్లందరినీ అన్నపూర్ణ మహిళా మండల్‌గా కూడగట్టింది. 1982 సమ్మెలో తినేవాళ్లు ఊళ్లకు పోయేసరికి మా అత్త పొయ్యి ఆరింది, అది వేరే కథ. చెప్పేదేమంటే, కష్టం చేసే జనం ఉన్నచోట వాళ్లకు వండిపెట్టే ఆడమనిషి ఉండి తీరుతుంది. గ్రెనేడాలో కూడా ఉంటుందని నాకు తెలుసు, ఎక్కడుందో వెతకాలె అంతే.

రాజధాని పేరు సెయింట్ జార్జెస్. గుర్రపు నాడా తీరు వంకర తిరిగిన ఓడరేవు, దాని చుట్టూ కొండ ఎక్కుతున్న ఎర్ర పెంకుల ఇళ్లు. మేముండే గ్రాండ్ ఆన్స్ వైపు నుంచి 1 నంబరు బస్సు పోతుంది. బస్సంటే మన టెంపో ట్రావెలర్ కన్నా చిన్న వ్యాను. పాట చెవులు పగిలేటట్టు పెడతారు. దిగాలంటే బండి రేకు మీద వేళ్లతో టకటక కొట్టాలి. నాకది బాగా నచ్చింది, భాష అక్కరలేదు.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటి. ఏ దుకాణంలోకి పోయినా, బస్సెక్కినా, ముందు "గుడ్ మార్నింగ్" అనాలి. మధ్యాహ్నం దాటితే "గుడ్ ఆఫ్టర్‌నూన్". అది అనకుండా "ఇదెంత" అని అడిగితే మొహం మాడ్చుకుంటారు. జవాబు రాదు. మన ముంబై అలవాటు అక్కడ పనికిరాదు. పలకరించారా, ఇక ఇంట్లో మనిషి లెక్క చూస్తారు.

మార్కెట్ స్క్వేర్ చుట్టుపక్కల సందుల్లో పగటి భోజనం కొట్లు ఉన్నాయి. కొన్నిటికి బోర్డు కూడా లేదు. ఒక గది, ఒక బల్ల, దాని మీద స్టీలు ట్రేలు, వెనకాల తలకు గుడ్డ కట్టుకున్న ఆడమనిషి. పదకొండున్నరకు ట్రేలు నిండుగా ఉంటాయి. ఒంటిగంటన్నర దాటితే అడుగు మాడు మిగులుతుంది. బ్యాంకు గుమాస్తా, రేవు కూలీ, స్కూలు టీచరు అదే వరసలో నిలబడతారు. బయటి దేశం నుంచి సెలవుకు వచ్చిన వాళ్లు ఈ సందుల్లోకి తక్కువ వస్తారు. వాళ్లు నీళ్లు కనబడే చోట కూర్చుంటారు. ధర అక్కడే పెరుగుతుంది.

డబ్బాలో ఏముంటుందంటే, అన్నంలో కలిపిన కందిగింజలు. అవును, మన కందులే. పప్పు చేయరు, పచ్చి గింజలు లేదా ఎండు గింజలు అన్నంతో కలిపి వండుతారు. పక్కన ఉడికించిన దుంపలు, వాటిని ప్రొవిజన్ అంటారు. చేమదుంప, పెండలం, చిలగడదుంప, పచ్చి అరటికాయ, వీటిలో ఆ రోజు ఏది ఉంటే అది. మాకరోనీతో చేసిన గట్టి ముక్క ఒకటి. కోడి కూరో, చేప పులుసో. ఇవన్నీ సరే, నేను వెతికింది వేరే. దాని పేరు కలలూ. చేమ ఆకును కొబ్బరిపాలలో మెత్తగా ఉడికించిన కూర. మన దగ్గర చేమ ఆకు గొంతు దురద అని కొందరు భయపడతారు. వాళ్లు బాగా ఉడికిస్తారు కాబట్టి దురద ఉండదు. రక్తం తక్కువున్న పిల్లకు ఆకుకూర, కందిగింజ, చేప ఒకే డబ్బాలో. ఇంకేం కావాలె?

మూడు కొట్లు తిరిగి ఒక కొట్టు పట్టుకున్నాను. ఆమెకు నా ఈడే ఉంటుంది. నాకు ఇంగ్లీషు రాదు, ఆమె ఇంగ్లీషు నా కూతురికే సగం అర్థం కాదు. నా బిడ్డ కడుపు వైపు చూపించి, కలలూ ట్రే వైపు చూపించాను. ఆమె నవ్వి గరిటె నిండా రెండుసార్లు వేసింది. ఆ రోజు నుంచి దాన్ని "డూడూ" అని పిలుస్తుంది. అంటే మనం బంగారం అని పిలిచినట్టు. డబ్బా ధర 18 డాలర్లు. వాళ్ల డాలరు అమెరికా డాలరు కాదు, తూర్పు కరీబియన్ డాలరు. ఒక అమెరికా డాలరుకు అవి 2.70 వస్తాయి, చాలా ఏళ్లుగా అదే లెక్క. మన డబ్బులో ఒక్కటి ముప్ఫై రూపాయలకు కాస్త పైన. అంటే డబ్బా ఐదు వందల పైనే.

ఐదు వందలని చదివి మీరు గుండె మీద చేయి వేసుకుంటారని తెలుసు. మా అల్లుడు కూడా అట్లాగే అన్నాడు. వారానికి మూడు డబ్బాలు కొనిద్దామని నేను మాట తీస్తే, "అత్తమ్మా, వారానికి పదిహేడు వందలు. నెలకు ఎంతయితదో చూడండి" అన్నాడు. మంచి పిల్లవాడే, చేతిలో లెక్కల పుస్తకం ఉన్నది, కిస్తీ తేదీ తప్పలేదు ఎప్పుడూ. నేను ఆ రోజు వాదన పెట్టుకోలేదు. మార్కెట్ ధరలన్నీ ఒక కాగితం మీద రాయించాను. గ్యాసు, కందిపప్పు, నూనె, కోడి, చేప. ఒక్క మనిషికి అంత మంచి భోజనం ఇంట్లో వండితే ఎంత అవుతుందో లెక్క కట్టమన్నాను. పన్నెండు పదమూడు డాలర్లు తేలింది. "బాబూ, మిగిలే ఐదు డాలర్ల కోసం అది వండుకోదు, రొట్టె తింటది. మీరు హోటల్లో నలుగురికి వండుతరు, ఇంట్లో ఇది టీ తాగి పడుకుంటది" అన్నాను. ఆ రాత్రి ఏమీ అనలేదు. పొద్దున బల్ల మీద 60 డాలర్లు పెట్టి డ్యూటీకి పోయాడు.

ఇక రోటీ సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

గ్రెనేడాలో రోటీ షాపు అని బోర్డు చూసి నేను మొదట మన పంజాబీ ధాబా అనుకున్నాను. కాదు. అది పెద్ద మెత్తని రొట్టె, దాని పొర లోపల రుబ్బిన పప్పు పొడి పొడిగా ఉంటుంది. మన బొబ్బట్టులో బెల్లం తీసేసి ఉప్పు, జీలకర్ర వేసినట్టు అనుకోండి. ఆ రొట్టె మధ్యలో ఆలుగడ్డ, కోడి కూర పెట్టి నాలుగు వైపులా మడిచి పొట్లం కట్టి చేతికి ఇస్తారు. ఒక్క రోటీ తింటే రాత్రి దాకా ఆకలి కాదు. దీన్ని దాల్ పూరీ అంటారు. దాల్ అని మన మాటతోనే అంటారు! శనగలను చన్నా అంటారు, మసాలాను మసాలా అంటారు.

ఆ మాటలు అక్కడికి ఎట్లా చేరాయంటే, 1838లో నల్లవాళ్ల బానిసత్వం పూర్తిగా పోయింది. విడుదలైనవాళ్లు తోటల్లో దొరల కింద చేయడానికి ఇష్టపడలేదు. దాంతో తెల్లదొరలు హిందుస్తాన్ నుంచి కూలీలను ఒప్పందం రాయించుకుని ఓడల్లో తీసుకుపోయారు. మెయిడ్‌స్టోన్ అనే ఓడ కలకత్తా నుంచి బయలుదేరి 1857 మే 1న గ్రెనేడాలో దిగింది. మూడు వందలకు కాస్త తక్కువ మంది దిగారు. దారిలో సముద్రంలోనే పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు వాళ్లు. మే 1 అంటే మనకు కామ్‌గార్ దినం, ఎర్రజెండా ఎగరేసే రోజు. అప్పటికి ఆ పండుగ పుట్టనే లేదు. తర్వాత ముప్ఫై ఏళ్లలో మొత్తం మూడు వేల పైచిలుకు మంది వచ్చారు. చాలామంది బిహారు, యూపీ వైపు వాళ్లు. మన తెలుగువాళ్లు ఇతర దీవులకు, మారిషస్‌కు, ఫిజీకి పోయారు కానీ గ్రెనేడా రోటీ మాత్రం భోజ్‌పురి చేతిదే.

నేను తినే రోటీ కొట్టు ఆమె ముఖం చూస్తే మన కామాటిపురా ఆడమనిషే అనుకుంటారు. ఆమె ముత్తాత తల్లో, తండ్రో ఓడలో వచ్చారట. ఏ ఊరో తెలియదు. భాష ఒక్క ముక్క రాదు, ఆదివారం చర్చికి పోతుంది. కానీ పిండి ముద్దను అరచేతిలో గుంట చేసి పప్పు నింపి మూతి మూసే పద్ధతి ఉన్నది చూడండి, అది మా అత్త చేతి పద్ధతే. నేను కౌంటరు లోపలికి పోయి ఒకటి చేసి చూపించాను. ఆమె దాన్ని పెనం మీద వేసి, పొంగగానే కేక పెట్టింది. మిగతా వాళ్లను పిలిచి చూపించింది. నా రోటీకి డబ్బులు తీసుకోలేదు.

మన పిల్లలకు రోటీ విషయంలో మూడు జాగ్రత్తలు. ఒకటి, కోడి రోటీలో ఎముకలతో సహా పెడతారు. ఎముక వద్దంటే ముందే చెప్పాలి, ధర కొంచెం ఎక్కువ. నాకు ఎముక ఉన్నదే రుచి. రెండు, గొడ్డు మాంసం రోటీ కూడా అదే పెనం పక్కన ఉంటుంది. తిననివాళ్లు "చికెన్ ఓన్లీ" అని గట్టిగా చెప్పాలి. శాకాహారమంటే ఆలు చన్నా రోటీ అడగాలి, అది అన్నింటికన్నా చవక. సోమవారం, శనివారం ఒక పొద్దు ఉండే పిల్లలకు ఇదే ఆధారం. మూడు, బల్ల మీద పచ్చరంగు సీసాలో కారం ఉంటుంది. మన గుంటూరు కారం తిన్నవాళ్లం, మాకేం భయం అనుకోకండి. ఆ మిరపకాయ చిన్న గుమ్మడికాయ ఆకారంలో ఉంటుంది. బొట్టు చాలు.

లంబీ అని రాసి ఉంటే శంఖం లోపలి మాంసం అన్నమాట. పూజలో ఊదే శంఖం గుర్తుకొచ్చి నేను తినలేకపోయాను. అల్లుడు బాగుంటదంటాడు. ఆయన ఇష్టం.

పొద్దున పూట బస్టాండు దగ్గర బేక్, ఎండు చేప అమ్ముతారు. పేరు బేక్ కానీ నూనెలో వేయించినదే, మందపాటి పూరీ లాంటిది. అందులో ఉప్పు చేపను ఉల్లిగడ్డ, టమాటాలతో వేయించి పెడతారు. ఎండు చేప వాసన పడనివాళ్లు దూరంగా ఉండండి. మన ఇళ్లల్లో అది కొత్త కాదు కదా. దానితో పాటు కోకో టీ. పేరు టీ, ఉండేది కోకో. వాళ్ల తోటల్లో పండిన కోకోను దంచి ఉండ కడతారు. దాన్ని నీళ్లలో దాల్చిన చెక్క, బిర్యానీ ఆకు, జాజికాయ వేసి మరిగించి పాలు కలుపుతారు. చలికి, అలసటకు మంచిది. రాత్రి పాళీ చేసి వచ్చే మా అల్లుడు అది తాగే ఇంటికొస్తాడు. జాజికాయ అనగానే మీలో కొందరు పసిపిల్లకు రాయి మీద అరగదీసి పెట్టావా అని అడుగుతారు. ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు, మేము పెట్టలేదు.

క్రిస్మస్ ముందు మార్కెట్‌లో ఎర్రని కాయలు కుప్పలు పోస్తారు. సారెల్ అంటారు. దాన్ని అల్లం, లవంగాలతో మరిగించి, చల్లార్చి, చక్కెర కలిపి తాగుతారు. రంగు చూస్తే కుంకుమ కలిపినట్టు. ఆ కాయను చేతిలోకి తీసుకుని చూశాను. ఇదెక్కడో చూసినట్టుందే! రేక తుంచి నోట్లో వేసుకున్నాను. పులుపు. పుంటికూర కాయ! గోంగూర అంటారు కదా కోస్తా వాళ్లు, అదే చెట్టు. వాళ్లకు కాయే ముఖ్యం, ఆకును పట్టించుకోరు. అమ్మే ముసలమ్మను ఆకు కావాలని సైగ చేశాను. ఆకా, ఎందుకు, మేకకా అన్నట్టు చూసింది. బిడ్డ వివరంగా చెప్పింది. తర్వాతి శనివారం సంచినిండా ఆకు తెచ్చి, ఇదిగో నీ మేత అని నవ్వుతూ ఇచ్చింది. పైసలు తీసుకోలేదు. పుంటికూర పప్పు వండి బిడ్డకు పెడితే తొమ్మిది నెలల్లో అంత అన్నం అది తిన్నది నేను చూడలేదు. మరునాడే నొప్పులు వచ్చినయి. మనవరాలు పుట్టింది. రెండు వారాల తర్వాత ఆ ముసలమ్మకు ఎర్ర రేకులతో పచ్చడి చేసి సీసాలో తీసుకుపోయి ఇచ్చాను. అన్నం లేకుండా వేలితో నాకి, కళ్లు మూసుకున్నది.

సెలవుల్లో వచ్చేవాళ్ల రెస్టారెంట్ల గురించి పెద్దగా రాయడానికి నా దగ్గర లేదు. గ్రాండ్ ఆన్స్ బీచి తెల్ల ఇసుకతో మూడు కిలోమీటర్లు ఉంటుంది, చూడవలసిందే, చూడటానికి డబ్బులు అక్కర్లేదు. అక్కడ తినాలంటే మెనూలో ధర అమెరికా డాలరా, వాళ్ల డాలరా అని ముందు అడగాలి. అంకె ఒకటే, జేబు వేరు. దాని మీద పన్ను, పది శాతం సర్వీసు చార్జీ పడుతుంది. ఒకరోజు ఒడ్డున నడుస్తూ అల్లుడు పనిచేసే హోటల్ బయట పెట్టిన మెనూ బోర్డు బిడ్డతో చదివించాను. ఒక చేప ప్లేటు ధరకు మా కొట్టులో వారం డబ్బాలు వస్తాయి. ఆ చేప వండేది మా వాడే.

గువావ్ సంగతి చెప్పకపోతే మా అల్లుడు ఒప్పుకోడు. రాసేటప్పుడు గౌయావ్ అనిపిస్తుంది, పలికేటప్పుడు గ్వావ్ అంటారు. పడమటి ఒడ్డున జాలర్ల ఊరు. 5 నంబరు బస్సులో ముక్కాలు గంట, కొండ అంచున ఒకటే మలుపులు. ఊర్లో జాజికాయ ఆరబెట్టి, వలిచి, సంచులకెత్తే పెద్ద పాత గోదాము ఉన్నది, ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని కాయలు వేరు చేస్తారు. ఆ వరసలు, చేతుల వేగం చూసి మా వైండింగ్ ఖాతా గుర్తుకొచ్చింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచిన కిరానీ జేమ్స్ ఈ ఊరి పిల్లవాడే. ఆ దేశానికి అదే మొదటి ఒలింపిక్ పతకం.

ఈ ఊర్లో ప్రతి శుక్రవారం సాయంత్రం రెండు సందులు మూసి చేపల సంత పెడతారు. అది పచ్చి చేపలది కాదు, వండినవి. బొగ్గుల మీద కాల్చినవి, నూనెలో వేయించినవి, తగరం కాగితంలో చుట్టి మసాలాతో ఉడికించినవి, చేప బజ్జీలు, రొయ్యలు, పెద్ద లాబ్‌స్టర్. ఒక్కో బల్ల ఒక్కో కుటుంబానిది. పొద్దున సముద్రంలోకి పోయిన మగవాళ్లు తెచ్చినది సాయంత్రం ఆడవాళ్లు వండి అమ్ముతారు. బల్లలన్నీ ముందు ఒక చుట్టు తిరిగి, ఏ బల్ల దగ్గర ఊరివాళ్లు ఎక్కువ ఉన్నారో అక్కడ తినండి. డప్పుల మోత ఉంటుంది, పిల్లలు ఆడుతుంటారు. మేము ఒకే పెద్ద చేప కొని ముగ్గురం తిన్నాం. అల్లుడి పక్క గది అబ్బాయి మాతో వచ్చాడు. అతనిది శ్రీలంక. ఇక్కడ ఒక ఇబ్బంది చెప్పాలి. చీకటి పడ్డాక తిరుగు బస్సులు తగ్గిపోతాయి. నలుగురైదుగురు కలిసి పోయి టాక్సీ మాట్లాడుకుంటే మేలు. ఒంటరిగా పోతే రోడ్డు మీద నిలబడాలి.

ఆయిల్ డౌన్ అనేది వాళ్ల దేశపు వంట. ఇది హోటల్లో తినే వస్తువు కాదు. ఫిబ్రవరి 7 వాళ్ల స్వాతంత్ర్య దినం, 1974లో వచ్చింది. ఆ రోజు ఎర్ర, పసుపు, ఆకుపచ్చ రంగు బట్టలు వేసుకుని వీధుల్లో, బీచిలో మూడు రాళ్లు పెట్టి పెద్ద గుండిగెలు ఎక్కిస్తారు. అడుగున ఉప్పు మాంసం, సీమపనస ముక్కలు, అరటికాయలు, పిండి ఉండలు పేరుస్తారు. పైన చేమ ఆకులు కప్పుతారు. కొబ్బరిపాలలో పసుపు కలిపి పోస్తారు. పసుపును వాళ్లు శాఫ్రన్ అంటారు, కుంకుమపువ్వు అనుకుని మోసపోకండి. పాలు ఇంకి, కొబ్బరినూనె అడుగుకు దిగేదాకా ఉడకాలి. అందుకే ఆ పేరు. మా ఇంటి ఓనరమ్మ మాకోసం ఒక చిన్న గిన్నెలో మాంసం లేకుండా వేరుగా చేసింది. లేకపోతే అందులో పంది తోక పడుతుంది. పేర్చేటప్పుడు ఒక్కో వరస ఒక్కొక్కరు పెట్టారు, నాతో కూడా ఒక వరస పెట్టించారు. కొన్ని కొట్లలో వారానికి ఒక్కరోజు దొరుకుతుంది, కానీ నా సలహా, ఎవరైనా ఇంటికి పిలిస్తే పోండి. పిలుస్తారు. వట్టి చేతులతో మాత్రం పోవద్దు.

ఇంకో రెండు మాటలు. ఆదివారం ఊరు మూతపడుతుంది. బస్సులు కూడా సరిగ్గా ఉండవు. శనివారమే కూరగాయలు, రొట్టె తెచ్చిపెట్టుకోవాలి. రాస్తా అని జడలు కట్టుకునే సాధువుల్లాంటి మనుషులు ఉంటారు. వాళ్ల కొట్లలో ఐటల్ అనే భోజనం దొరుకుతుంది. మాంసం ఉండదు, చాలా చోట్ల ఉప్పు కూడా తక్కువ. కొబ్బరి చిప్పలో పెట్టి ఇస్తారు. ఓడ దిగి ఆరేడు గంటలు మాత్రమే ఉండే పిల్లలు రేవు నుంచి నడిచి మార్కెట్ స్క్వేర్‌కు పోవచ్చు, పది నిమిషాలు కూడా పట్టదు. రేవు గేటు దగ్గరే పిలిచేవాళ్ల దగ్గర తినకండి.

ఇప్పుడు మా బిడ్డ మంగళవారం, గురువారం, శనివారం పసిదాన్ని చంకన వేసుకుని కొట్టుకు పోతున్నది. మొన్నటి పరీక్షలో రక్తం పెరిగిందట. ఆ కొట్టు ఆమె పసిదాన్ని ఎత్తుకుని ట్రేల వెనకాల తిప్పుతుంటే ఇది కూర్చుని నింపాదిగా తింటుందట. డబ్బా ధర 20 డాలర్లు చేసిందట. అల్లుడు ఏమీ అనలేదని చెప్పింది.